ఎవర్రా రాడు?

1978. వరద తీశాక, కొత్తపేట దగ్గర ఒక లంక ఊరు. అరుగు మీద మోతుబరి గంగాధరరావు. అరుగు కింద ఆయన పాలేరు దేవసహాయం.

"...రాడార్ అండి, బాబుగారూ."

"ఎవర్రా రాడు?"

"రాడు కాదండి, రాడార్! అమెరికావోళ్ళు ఈ ఏడు ఎగరేసిన ఉపగ్రహంలో పెట్టేరంట. చర్చిలో పంతులుగారు పేపరు చదివి చెప్పేరండి."

"తొమ్మిది గ్రహాలు పీడించేది చాలకా, పైన ఉపగ్రహం కూడానా! ఏం చేస్తాదంట?"

"మబ్బట్టినా, చీకటైనా, కిందదంతా ఫొటో తీసేస్తాదంటండి. ఏ ఊరు మునిగిందో, నీళ్ళెంతమేర ఉన్నాయో..."

"చీకట్లో ఫొటోయా? మబ్బు ఆకాశానికి కాదురా, నీకు పట్టింది."

"అది చూడదంటండి, కేకేస్తాదంట. తిరిగొచ్చిన కేకని బట్టి బొమ్మ గీస్తాదంట. ఇల్లూ చెట్టూ తెల్లగా పడతాయంట. నిలవనీళ్ళ మీద మటుకు కేక జారిపోయి తిరిగి రాదంట. నల్లగా పడతాదంట."

"దాంతో నీకేం పనిరా?"

"మా కొడుకు తాతబ్బాయి కోసమండి. గట్టుకి గండి పడ్డ రాత్రి నుంచీ లేడు. ఏ లంకలో చిక్కడిపోయేడో. రేపు గండి మీద ఎంక్వైరీకి ఆఫీసరుగారు వస్తున్నారు గదండీ, ఆ ఫొటో తెప్పించమని తమరొక్క మాట..."

"పేరులోనే దేవుడి సహాయం పెట్టుకుని, నా సహాయం దేనికిరా?"

"తమరు చెబితే వింటారండి. ఆ రాత్రిదే కావాలండి. గట్టు దగ్గరిది."

"గట్టు దగ్గరిదెందుకు?"

"వాడటేపే వెళ్ళేడండి, గునపం అట్టుకుని. వాళ్ళమ్మ చూసింది."

"మీరిద్దరూ ఈ మాట ఎవరితోనన్నా అన్నారా?"

"లేదండి. రేపు ఆఫీసరుగారికి చెబుతానండి."

"చెప్పు. ఫొటో కూడా తెప్పించు. నా చేను మునక్కుండా గట్టు కొట్టమన్నది నేనే. మాట ఫొటోలో పడదుగా! కొట్టింది నీ కొడుకు. నీళ్ళు తుమ్మతోపులోకి పోతాయంటే నమ్మేడు, వెర్రినాగన్న. నీళ్ళు మీ పేట మీదకొచ్చేయి. వాడి కాళ్ళ కింద గట్టే పోయింది."

"బాబుగారూ..."

"మీ పేటలో సుగుణ పిల్లలిద్దరూ ఎవరి గునపానికి నీళ్ళలో పోయేరో పేటంతా తెలుసుకోనీ. మీకు వరద, నాకు వరం, వాడికి పేరు. చెబుతావా?"

"చెప్పనండి."

"కొడుకేడని ఆఫీసరు అడిగితే?"

"పనికి కాకినాడ ఎల్లేడంటానండి."

"ఆఫీసరు సరే. రోజూ గట్టెక్కి, వాడి పేరెట్టి గోదాట్లోకి కేకలేస్తోందే నీ పెళ్ళాం, దాని నోరెవరు మూస్తారు?"

"నేనే చెప్పుకుంటానండి."

"ఏమని?"

"ఆయ్... రాడనండి."