కార్డు కింద ఆధారం

అధ్యాపకుల నాయకత్వ శిక్షణలో పదిన్నర విరామం. చిన్న లెక్చరర్ చేతిలోని మాంసం కూరిన సాల్తెన్యా కజ్జికాయ రసం మోచేతి దాకా కారుతున్నా చూసుకోవడం లేదని ఆమె విభాగంలోనే పనిచేసే పెద్దావిడ గమనించింది.

“ఏమైందే? మొహంలో నెత్తురుచుక్క లేదు!”

“పొద్దున కార్డులిచ్చి, పేరు లేకుండా నాయకుడి లోపం రాయమన్నారు కదా డాక్టోరా. డీన్ ఉరియోనా ఎదురుచెప్పినవాళ్ల కాంట్రాక్టులు పొడిగించడని రాసేశాను. ఇప్పుడవి ఆయనే పైకి చదువుతాడట!”

“చదవనీ. అరవైమందిలో ఎవరిదని పట్టుకుంటాడు? నా కాంట్రాక్టు ఈ వారమే ఆయన సంతకానికి వెళ్లింది. నేనే భయపడటం లేదు, నీకెందుకే వణుకు?”

“కింద ఆధారం కూడా ఇచ్చాను.”

“ఆధారమా?”

“అలవాటు! ఆధారం లేకుండా ఒక్క వాక్యం రాయలేను. కాంట్రాక్టుల మీద మన వ్యాసం, పేజీ నంబరుతో సహా.”

పెద్దావిడ నవ్వబోయి ఆగింది. ఆ వ్యాసం ఇద్దరూ కలిసి రాసిందే.

“ఎవరి పేరు వేశావు?”

లోపల మైకు గరగరలాడింది. డీన్ గొంతు సవరించుకుంటున్నాడు.

“చెప్పవే!”

“కార్డు చిన్నది డాక్టోరా. పెద్దవారు కదా, మీ పేరు పూర్తిగా రాశాను. నాకు ‘మరొకరు’ అని పెట్టుకున్నాను.”