కిటికీ దగ్గర తేలిన రంగు

పళ్ల డాక్టరమ్మ దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు నాకున్నవి రెండే. రూట్ కెనాల్ చేయించుకున్నాక నల్లబడిన ముందుపన్ను ఒకటి, దాన్ని దాచడానికి నోటికి అడ్డంపెట్టే కుడిచెయ్యి ఒకటి.

“ఈ పళ్లకి మీరేమైనా పూశారా బాబాయ్?”

“తెల్లగా చేసే పేస్టు పూశానమ్మా, ఇంట్లో ఎవరికీ తెలియకుండా. మనవరాలు నా బొమ్మ గీసి, ఒక పన్నుకి నల్లరంగు వేసింది. తల కొట్టేసినట్టయింది.”

“మిగతావి తెల్లబడ్డాయి, ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది. అంతేనా?”

“గుడ్డలమ్మేవాణ్ణి. తెలుపు పక్కన నలుపు మరింత నల్లగా కనబడుతుందని నాకే తట్టలేదు, చూడు!”

“ఈ నలుపు లోపలిది. పన్ను వెనక తెరిచి, లోపల తెల్లబరిచే మందు పెడతాను.”

కొన్ని వారాలకి ఆవిడ అద్దం చేతికిచ్చి నన్ను కిటికీ దగ్గర నిలబెట్టింది.

“లైటు కింద చూపించవేమ్మా?”

“రంగు పగటి వెలుతురులోనే తేలుతుందని మీకు నేను చెప్పాలా?”

“ఇంకా ఒక ఛాయ తక్కువుంది. మరోసారి మందు పెట్టు.”

“వద్దు. మందు ఎక్కువైతే, అరుదుగానైనా చిగుళ్ల దగ్గర వేరు కరిగిపోవచ్చు. అప్పుడు పన్నే పోతుంది. కొన్నేళ్లకి మళ్లీ కొంచెం నల్లబడినా నల్లబడొచ్చు, ముందే చెబుతున్నా.”

“ఇంత తేడా ఉంటే మా కొట్లో గుడ్డ తెచ్చి మొహాన కొడతారమ్మా!”

“మరి ఈ పన్ను తీసుకెళ్లి ఎవరి మొహాన కొడతారు?”

పగలబడి నవ్వాను.

“బాబాయ్, చెయ్యి అడ్డంపెట్టలేదు మీరు!”

చూసుకుంటే నిజమే. పన్ను ఒక ఛాయ తక్కువగానే మిగిలింది. కుడిచెయ్యి మాత్రం నాకు పూర్తిగా తిరిగొచ్చింది.