మూడువందల పన్నెండు ఫోన్లు

1989 ఆగస్టు ఏడవ తేదీన మా ప్రజారోగ్య కార్యాలయపు గణాంక విభాగంలో గుమాస్తాగా అడుగుపెట్టి, ముప్పై అయిదు సంవత్సరాలు ఏకాగ్రతతో సేవలందించి, నేడు విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మా మేడంగారికి చాటున మేము పెట్టుకున్న పేరు ‘ఇంకోసారి మేడం’. వారికి తెలియదనుకునేవాళ్లం. మొదటినుంచీ తెలుసట.

తట్టు, కలరా లెక్కలను చేతిరాత రిజిస్టర్లలో నింపిన కాలం నుండి కంప్యూటర్ల కాలం దాకా, వారు రెండోసారి చూడకుండా ఏ పట్టికా బల్ల దాటలేదు. మా ప్రాణాలు తోడేసేవారనడంలో అతిశయోక్తి లేదు.

కరోనా కొత్త రకం ప్రబలినప్పుడు, టీకా రెండు డోసులు దాన్ని ఏమాత్రం అడ్డుకుంటున్నాయో తేల్చే బాధ్యత మా విభాగానికి అప్పగించారు. పట్టిక తయారుచేసింది నేను. తీవ్రమైన జబ్బు నుండి వృద్ధులకు తొంభైనాలుగు శాతం రక్షణ ఉందని తేలింది. డైరెక్టరుగారు పొంగిపోయి మర్నాడే ప్రకటిద్దామన్నారు. మేడంగారు మాత్రం ఆసుపత్రి జాబితా ముందేసుకుని, “వీళ్లకి టీకా పడలేదని నీకెవరు చెప్పారు నాన్నా?” అని అడిగారు.

జాబితా మళ్లీ చూశాను. మా రిజిస్టరులో పేరు దొరకని మూడువందల పన్నెండుమంది రోగులనూ టీకా లేనివారి కింద రాసేశాను. వేరే ఊళ్లో వేయించుకుని ఉంటారన్న ఆలోచనే రాలేదు. అప్పటికింకా నా ఉద్యోగం ఖాయం కాలేదు. తప్పు నాదని తెలిస్తే ఇంటికి పంపేస్తారు.

వారం రోజులు ఇద్దరమూ ఆ ఇళ్లన్నిటికీ ఫోన్లు చేశాం. “మా ఆవిడ ఆసుపత్రిలో ఉంటే మీ లెక్కలేమిటమ్మా” అని ఒక పెద్దాయన కసిరితే, మేడంగారు ఆయన గోడంతా ఓపిగ్గా విని, ధైర్యం చెప్పి, ఆ తరువాతే డోసు తేదీ అడిగారు. నూట అరవైమంది టీకా వేయించుకున్నవారేనని తేలింది. రక్షణ డెబ్భైఒక్క శాతానికి దిగింది. రెండో డోసు పడి ఆరునెలలు దాటినవారిలో ఇంకా తక్కువ. టీకా కాపాడుతూనే ఉంది కానీ, పెద్దవాళ్లకు మూడోది ఆలస్యం చేయకూడదని స్పష్టమైంది. వెంటనే వేయించారు.

ఆలస్యానికి కారకులెవరని డైరెక్టరుగారు నిలదీశారు. నేను నోరు తెరిచేలోపే మేడంగారు, “నా విభాగంలో తప్పంటే అది నాదేనండీ” అన్నారు. నేను తెరవబోయిన నోరు మూసుకున్నాను. మందలింపు కాగితం వారి దస్త్రంలో చేరింది, రావలసిన పదోన్నతి రాలేదు. ఎందుకు రాలేదో ఇంట్లో వారి శ్రీవారికీ పిల్లలకీ చెప్పలేదని తరువాత తెలిసింది. నాతోనూ ఆ ప్రస్తావన ఎన్నడూ తేలేదు.

మూడేళ్లు మౌనంగా ఉన్నందుకు సిగ్గుపడుతున్నాను. ఆ తప్పు నాదేనని రాసి సంతకం చేసిన లేఖను ఈ ఉదయం డైరెక్టరుగారికి అందజేశాను. ఏ చర్య తీసుకున్నా శిరసావహిస్తాను.

మేడంగారు నిండు ఆరోగ్యంతో, మనవల అల్లరి మధ్య, చిరకాలం చల్లగా ఉండాలి. వారి దస్త్రంలో ఆ కాగితం మాత్రం ఇక ఉండకూడదు.