సుద్ద గీత

అలా గుడ్లప్పగించి చూడకండి మేస్టారూ! లైవు వీడియో ఊగుతోందని గ్రూపులో అందరూ నన్నే తిడుతున్నారు. మైకుమీద బొటనవేలు పెట్టాన్లెండి, నా మాట వాళ్లకి వినబడదు.

మీ నోట్లో గుడ్డ కుక్కింది నేను కాదు, గ్యాసు బండల ఇలారియో. పళ్లు రాలగొట్టింది కూడా వాడే. చెవి సంగతంటారా... అది ఆడవాళ్ల పని. ఏ రాయి ఎవరిదో ఎవరు చూడొచ్చారు?

అసలు మీకెందుకండీ ఈ ఖర్మ? కింద లా పాస్‌ పట్నంలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పుకోక, కొండమీదున్న ఈ ఎల్ ఆల్తోకి ఎక్కొచ్చి మా తలుపులమీద సుద్దగీతలకి ఫోటోలు తీయడమేమిటి? దోచబోయే ఇంటికి దొంగలు ముందే గీత గీస్తారని వారం నుంచీ మా వీధి గ్రూపు అట్టుడికిపోతోంది. ఆ పుకారు ఎలా పాకిందో పుస్తకం రాస్తున్నానని అరిచారుగా, గుడ్డ కుక్కకముందు! పుస్తకమట! వంగి, గీతమీద వేలు పెట్టి మరీ చూడాలా? దొంగ దొరికితే ఏం చేస్తామో స్తంభాలకి గుడ్డబొమ్మల్ని ఉరేసి మరీ చెబుతున్నామే, కనబళ్లేదా?

గ్రూపు పెట్టించిందెవరు? మీరు కాదూ? "ఇకమీద పేపరూ మీరే, టీవీ మీరే. చూసింది చూసినట్టు పెట్టండి. పదిమంది కళ్లు పడితే అబద్ధం దానంతటదే రాలిపోతుంది" అన్నారు. విలేకరి పని నేర్పుతానని మీరు పెట్టిన ఆ క్లాసుకి మా వీధినుంచి వచ్చిందే నలుగురు ఆడవాళ్లం. మిగతా ముగ్గురూ ఇవాళ సంతకెళ్లారు, మిమ్మల్ని పోల్చేదాన్ని నేనొక్కదాన్నే. "నికోలాసా, నువ్వు పుట్టు విలేకరివి" అన్నారు ఆ రోజు. ఎంత పొంగిపోయానో! మా ఆయన బతికున్నన్నాళ్లూ అలాంటి మాట అన్న పాపాన పోలేదు.

పదిమందేం ఖర్మ, నాలుగువేల మంది చూస్తున్నారు. రాలిందా అబద్ధం? "పెట్రోలు పొయ్యండి" అంటోంది ఒకావిడ. పేరు పక్కన చంటిపాప బొమ్మ పెట్టుకుంది!

ఫోటో పెట్టింది నేనేనండీ. వీపు తప్ప కనబళ్లేదు, మా అమ్మతోడు! "గీత గీస్తున్నాడు, రండి" అని రాశాను. స్తంభానికి కట్టేసి ఇటు తిప్పాకే మొహం చూశాను.

ఇప్పుడు అరవమంటారా, ఈయన మా మేస్టారని? పోయినేడు పక్కవీధిలో ఒకామె అలాగే అడ్డంపడింది. దొంగకి తోడుదొంగ అని జడలు కోసి, అదే తాడుతో కట్టేశారు. నాకిద్దరు ఆడపిల్లలండీ.

ఇందాక గ్రూపులో ఎవరో అడిగారు, "వీణ్ణి ఎవరైనా ఎరుగుదురా?" అని. పెట్రోలు డబ్బా ఎత్తినవాడల్లా ఆగాడు ఇలారియో. వాడూ మనిషేగా! అందరూ నావంకే తిరిగారు. గ్రూపు నడిపేది నేనే కదా.

"ఎరగం" అని రాశాను.

కళ్లు మూసుకోండి మేస్టారూ. నాకు ఆ వీలు కూడా లేదు. ఫోను పట్టుకోవాలి.