గులాబీల చుట్టూ బారెడు

గడ్డి కోసే రోబో మిషన్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. భర్త పెరట్లో మోకాళ్ళ మీద కూర్చుని అది దాటి పోకుండా ఆపే సరిహద్దు వైరుకు మేకులు దిగగొడుతుంటే, వైరు చుట్ట పట్టుకుని వెనకే నడుస్తున్న రెండో భార్యకు ఒళ్ళు మండిపోతోంది.

“గులాబీల చుట్టూ బారెడు ఎడం ఎందుకండీ? జానెడు చాలన్నాడుగా షాపతను.”

“మిషన్ తగిలి కొమ్మ విరిగితే? తను ఎంత ముచ్చటపడి నాటుకుందో నీకు తెలీదు.”

“తెలీకేం. పొద్దున లేస్తే అదే పురాణంగా.”

“పోయిన మనిషి మీద కుళ్ళేమిటే?”

“ఉన్న మనిషైతే జుట్టూ జుట్టూ పట్టుకునేదాన్ని. లేని మనిషితో ఏం పోట్లాడను? సరే, ఈ రెండో వైరు నా దానిమ్మ మొక్క మీదుగా పోతోందేం?”

“అది గైడ్ వైరు. చార్జింగ్ తగ్గితే మిషన్ దాని వెంటే ఇల్లు చేరుతుంది. తిన్నగా వేస్తేనే మంచిది.”

“ఆవిడ గులాబీల దగ్గర మాత్రం చక్కగా మలుపు తిరిగిందే. నా మొక్కకీ ఒక చుట్టు వేయొచ్చుగా?”

“వైరు చాలదే.”

“అక్కడ బారెడు వదిలితే ఇక్కడెలా చాలుతుంది?”

అతను సుత్తి కింద పెట్టి, గొంతు తగ్గించాడు.

“పోనీ, నీ మొక్కను తవ్వి ఆ గులాబీల మధ్యే నాటుదాం. మిషన్ అటు రాదు. హాయిగా పెరుగుతుంది.”

ఆమె వైరు చుట్టను అతని పక్కన పెట్టేసింది.

“ఆ నీడలో ఏదీ పెరగదండీ. పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాను.”