ఒట్టి కాళ్ళ ఒప్పందం

అబ్బే, ఆ దిండు సర్దక్కర్లేదు లెండి! ఇన్నేళ్ళ కాపురంలో లేని సేవలు ఇప్పుడెందుకు? కూర్చోండి. నా కాలి వైపు మాత్రం చూడకండి, మళ్ళీ కళ్ళు తిరుగుతాయి మీకు.

పొద్దున అదేగా జరిగింది? నర్సు కట్టు విప్పింది, నా బొటనవేలు నల్లగా కనబడింది, మీరు దభీమని పడ్డారు. పిచ్చిదాన్ని, నేనే కంగారుపడి కేకలేశాను. తెర అవతలి మంచం మీద మిమ్మల్ని పడుకోబెట్టి ఆ అమ్మాయి అడిగింది కదా, "షుగరుందా? మందులేమైనా వాడుతున్నారా?" అని.

మీరేమన్నారు? "పొద్దునొకటి, సాయంత్రం ఒకటి. ఒక్క పూట కూడా మానలేదమ్మా!" ఎంత చక్కగా చెప్పారండీ, మందు పేరుతో సహా! అది గుడ్డ తెరే కదా, గోడ కాదుగా. నాకు వినబడదనుకున్నారా?

మరి ఇద్దరం కలిసే కదండీ మానేశాం? మానేద్దామన్నదెవరు? "పాదానికి నేల తగిలితే చాలు, ఒంట్లో రోగం అదే దిగిపోతుంది" అని నా చెప్పులు కూడా బయట పడేయించారు. మీ మాత్రలు నా కళ్ళముందే చెత్తబుట్టలో వేశారు. నేనూ నావి వేశాను. తెల్లారేసరికి పార్కులో మీ వెనకాల ఒట్టి కాళ్ళతో పరుగెత్తాను. అన్నం తగ్గించాను, తీపి మొహం చూడలేదు. ఇంకేం చెయ్యాలండీ మనిషి?

మీ షుగరేమో దిగింది, నాదేమో ఎక్కింది. మీ రిపోర్టు పట్టుకెళ్ళి పార్కులో అందరికీ చూపించారు, "చూశారా, అంతా పాదాల మహిమ!" అని. వాళ్ళు మిమ్మల్ని గురువుగారూ అనడం మొదలెట్టారు. ఇంటికొచ్చి నన్నేమన్నారు? "నీకు నిష్ఠ లేదే. చాటుగా ఏదో తింటున్నావ్."

అవునేమో అనుకున్నాను, నా మొహం మండ! ఎప్పుడేం తిన్నానా అని నన్ను నేనే దొంగలా సోదా చేసుకున్నాను. ఉన్న ముద్ద కూడా తగ్గించాను. బొటనవేల్లో మేకు దిగినా తెలియలేదండీ అంటే, "పాదం గట్టిపడిందే, మంచిదే" అన్నారు. గట్టిపడలేదట. షుగరెక్కువై మొద్దుబారిపోయిందట.

ఏంటీ, చెబుదామనే అనుకున్నారా? ఎప్పుడు, వేలు తీసేశాకా?

ఒక్క మాట నా చెవిలో వేస్తే పోయేది కదా. "నేను వేసుకుంటున్నానే, నువ్వూ వేసుకో" అని. మీ గురువుగిరీ సంగతి నేనెవరికి చెప్పేదాన్ని? కడుపులో పెట్టుకునేదాన్ని కానా? పరాయిదాన్నా నేను? ఆ పార్కు వాళ్ళ ముందు మీ మాట నిలవాలి, అంతే. నా కాలు ఏమైపోయినా ఫర్లేదు.

రేపు పొద్దున వేలు తీసేస్తారు. వేలితో ఆగుతుందో పాదం దాకా పోతుందో కోశాక గానీ చెప్పలేమన్నారు. సంతకం నేనే పెట్టేశాను, మీరు శ్రమపడకండి.

ఛ, ఏడవకండి. ఎవరైనా చూస్తే మీమీదే జాలిపడతారు.

సాయంత్రమైంది. జేబులో ఉందిగా మీ మాత్ర? తియ్యండి. ఇదిగో నీళ్ళు. ఇన్నాళ్ళూ చాటుగా వేసుకున్నారు, ఈ ఒక్కసారైనా నా ఎదురుగా వేసుకోండి.