సగం తీసిన నలుపు

కార్లకు రంగులు కొట్టే షెడ్డు, మధ్యాహ్నం. బల్ల దగ్గర పెయింటరు మేస్త్రీ, ఎదుటి స్టూలు మీద ఒకావిడ, ఇద్దరి మధ్యా నల్లరంగు పూసిన ఒక టెయిల్ లైటు లెన్సు.

"థిన్నర్ వద్దంటున్నాను కదమ్మా! అది తగిలితే ప్లాస్టిక్కు పాడు. బ్రేకాయిల్ రాసి, మెత్తబడ్డాక గుడ్డతో తుడవాలి. పాతకాలం లెన్సు, పోతే మళ్ళీ దొరకదు."

"ఎలాగైనా సరే మేస్త్రీ. సగమే తీయండి."

"సగమా? సగం గడ్డం గీయించుకున్నట్టుంటుంది."

"ఉండనీండి. ఈ పక్క నలుపు కదలకూడదు."

"మీ ఇష్టం. కారేదీ?"

"తుక్కులోకి పోయింది. వెనక కుడివైపంతా నుజ్జు. ఎడమవైపుది ఇదొక్కటే మిగిలితే, తుక్కు కొట్టువాడి కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకున్నా."

"తుక్కా... ఏ రంగు కారు?"

"ఆకుపచ్చ. వంతెన దగ్గర లారీ గుద్దింది."

"అయ్యో, ఆ సారు కారా! మీరు ఆ సారు ఇంటావిడా? ముందే చెప్పొద్దూ!"

"ఆయన మీకు తెలుసా?"

"నాకా? నాకెలా తెలుస్తుంది! పేపర్లో చూశా. ఊరంతా చూసిందిగా."

"ఆపారేం? తుడవండి."

"తుడుస్తున్నా, తుడుస్తున్నా. మనసు రాయి చేసుకోండమ్మా. పోయినాయన ఎలాగూ రాడు. ఆ లారీవాడు మాత్రం తప్పించుకోలేదు, లోపల పడ్డాడు."

"బ్రేక్ లైటు కనబడలేదన్నాడు కదా."

"అలాగే అంటాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు."

"ఈ నలుపులోంచి లైటు కనబడుతుందా మేస్త్రీ?"

"చీకట్లో అయితే కొంచెం మిణుకుమంటుంది."

"పట్టపగలు?"

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా! అదిగో, ఎరుపు బయటపడుతోంది చూడండి."

"ఎరుపు మీద ఈ గీతలేంటి?"

"రంగు అతుక్కోవాలంటే ముందు గరుకు వాటర్ పేపర్‌తో గీకుతాం."

"అందరూ ఇలాగే గీకుతారా?"

"అందరూ అంతే."

"మూడు షెడ్లు తిరిగాను. పెచ్చూడిన మూలన చూసి ముగ్గురూ ఒకటే మాట. మా గీతలు ఇటు వాలతాయి, ఇవి అటు వాలాయి, ఇది ఎడంచేతి వాటం మనిషి పని అని."

"వాళ్ళకేం పని లేదు."

"మీరేంటి, చెయ్యి మార్చారు?"

"నొప్పెట్టింది."

"ఇందాకటి నుంచి ఎడంచేత్తో చకచకా తుడిచారు. ఇప్పుడు కుడిచెయ్యి తడబడుతోంది."

"అమ్మా..."

"చెప్పండి."

"వద్దన్నానమ్మా! లైటు కనబడదు సారూ అని నెత్తీనోరూ కొట్టుకున్నా. వింటేనా! పాత కార్ల పోటీకి తీసుకెళ్ళాలి, వెనకంతా నల్లగా మెరిసిపోవాలన్నాడు. పోటీ అవగానే తీయించేస్తానన్నాడు. నేను కొట్టకపోతే పక్క షెడ్డువాడు కొడతాడు కదా అని... కొట్టాను. మూడు పూతలు."

"లారీవాడి వకీలు షెడ్లన్నీ తిరిగాడట. మిమ్మల్ని అడగలేదా?"

"అడిగాడు."

"ఏమన్నారు?"

"ఆ కారు మొహమే చూడలేదన్నా."

"మొహమే చూడలేదన్నారు."

"అన్నానమ్మా. ఎలాగూ వాడి మీదకి పోయింది, మనకెందుకులే అనుకున్నా. పద్నాలుగు నెలలు. ముద్ద దిగట్లేదు, నిజం. మీ కాపురం కూల్చాను. తిట్టండి, కొట్టండి, పడతాను."

"కొట్టను. బుధవారం కోర్టుంది. ఈ రంగు తర్వాతెవరో పూసిందే అంటున్నారు. గుద్దకముందే పూశారని చెప్పే మనిషి కావాలి. సగం నలుపు, సగం ఎరుపు జడ్జిగారికి చూపించి, ఇప్పుడు నాతో అన్న మాటే అక్కడ అనాలి."

"నా షెడ్డు మూయించేస్తారమ్మా."

"మూయిస్తారేమో."

"సరే. వస్తాను. ఒట్టు. ఆ లారీవాడు ఏమైపోతే నాకేం, మీ మొహం చూసి వస్తాను. మీ ఆయన ఆత్మ శాంతిస్తుంది."

"మా ఆయన బతికే ఉన్నాడు మేస్త్రీ. జైల్లో ఉన్నాడు. ఆ లారీ నడిపింది ఆయనే."